స్టూడెంట్ చేసిన వెబ్‌సైట్ మీద ఫీడ్‌బ్యాక్: రాసి పంపాలా, పక్కన కూర్చుని చెప్పాలా, వాడేవాళ్లనే చూపించాలా?

"సార్, సైట్ అయిపోయింది, ఒకసారి చూసి ఎలా ఉందో చెప్పండి" అని వాట్సాప్‌లో ఒక లింక్ వస్తుంది. ల్యాబ్ చెప్పే లెక్చరర్లకి రివ్యూ వారంలో ఇది రోజూ ఉండేదే, కంపెనీల్లో పనిచేసే సీనియర్లకి అయితే "అన్నా", "అక్కా" అంటూ కాలేజీ జూనియర్ల నుంచి, చుట్టాల పిల్లల నుంచి వస్తూ ఉంటుంది. అప్పుడు చాలామంది చేసేవి రెండే, టైమ్ లేకపోతే "బావుందమ్మా, కలర్స్ కొంచెం మార్చు" అంటారు, టైమ్ ఉంటే ఇరవై ముప్పై తప్పులు వరసగా రాసి పంపేస్తారు. మొదటిదానితో ఏం మార్చాలో తెలీదు, రెండోదానితో ఎక్కడ మొదలెట్టాలో తెలీదు, రెండు సందర్భాల్లోనూ స్టూడెంట్ ఆ కలర్ ఒక్కటి మార్చి ఊరుకుంటారు.

ఫీడ్‌బ్యాక్ ఇచ్చే పద్ధతులు చాలా ఉన్నాయి, ప్రతిదీ ఒకచోట పనికొస్తుంది, ఇంకోచోట పని చెడగొడుతుంది. ఏది ఎంచుకోవాలి అనేదానికి నేను చూసేది ఒక్కటే. మన మాట విన్నాక ఏం చెయ్యాలో ఆలోచించే పని స్టూడెంట్‌కి మిగులుతుందా, లేకపోతే మనం చెప్పింది చెప్పినట్టు టైప్ చెయ్యడమే మిగులుతుందా? రెండోది అయితే ఈ సైట్ బాగుపడొచ్చు గానీ వచ్చే సెమిస్టర్‌లో చేసే సైట్‌లో మళ్లీ అవే తప్పులు ఉంటాయి.

మాట్లాడుకోవడానికి ఒక సైట్ కావాలి కాబట్టి ఇలా అనుకుందాం. సెకండ్ ఇయర్ అమ్మాయి మినీ ప్రాజెక్ట్‌కి కొండపల్లి బొమ్మలు చేసే ఒక కుటుంబం కోసం సైట్ చేసింది. హోమ్ పేజీ పైన తనంతట తనే కదిలే స్లైడర్, దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి ఫొటోలు ఫోన్‌లో తీసినవి తీసినట్టే పెట్టింది. ఆరెంజ్ బటన్ మీద తెల్ల అక్షరాలు, కింద తెల్ల పొణికి కర్ర గురించి, అతుకులకి వాడే చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కు గురించి లేత బూడిద రంగులో సన్నటి తెలుగు టెక్స్ట్, అన్నీ సెంటర్ అలైన్. మెనూ మౌస్ పెడితేనే తెరుచుకుంటుంది. ధరలు ఎక్కడా లేవు, ఫోన్ నంబర్ ఫుటర్‌లో, అంటే పేజీ అడుగున, ఒక ఇమేజ్‌లో ఉంది. తప్పులు చాలానే ఉన్నాయి, కానీ తను ఆ కుటుంబంతో మాట్లాడింది, మక్కు గురించి రాసింది, ఫొటోలు తనే తీసింది, అది మామూలు కష్టం కాదు.

ముందు చూడాల్సింది టైమ్

పద్ధతి కంటే ముందు పని ఏ దశలో ఉందో చూడాలి. పేపర్ మీద స్కెచ్‌గానో, ఫిగ్మా అనే డిజైన్ టూల్‌లోనో ఉన్నప్పుడు అయితే పెద్ద ప్రశ్నలే అడగాలి, ఈ సైట్ ఎవరి కోసం, వాళ్లు వచ్చి ఏం చెయ్యాలి, అది మొదటి స్క్రీన్‌లోనే కనిపిస్తుందా. అప్పుడు రంగుల గురించి మాట్లాడితే స్టూడెంట్ రంగుల మీద కూర్చుంటుంది, ధరలు లేవన్న సంగతి చివరిదాకా ఎవరికీ గుర్తురాదు. సగం కోడ్ అయ్యాక లేఅవుట్, మెనూ, మొబైల్ సంగతి. రేపే సబ్మిషన్ అన్నప్పుడు "అసలు ఈ కాన్సెప్టే సరిగ్గా లేదమ్మా" అంటే నిజమే అయినా ఎవరికీ లాభం లేదు. ఆ రాత్రికి తను మార్చగలిగింది ఫోన్ నంబర్‌ని నొక్కితే కాల్ వెళ్లే లింక్‌గా చెయ్యడం, టెక్స్ట్ కలర్ ముదురు చెయ్యడం, ఫొటోల సైజు తగ్గించడం, ఇంతే, కాబట్టి ఈ మూడే చెప్పి మిగతావి మార్కులు వచ్చాక మాట్లాడుకుందాం అని చెప్పాలి, అన్నట్టే తర్వాత మాట్లాడాలి కూడా.

నచ్చలేదు అనడం, రూల్ చెప్పడం, చూసింది చెప్పడం

ఒకే తప్పుని మూడు రకాలుగా చెప్పొచ్చు. "ఈ ఆరెంజ్ నాకు నచ్చలేదు" అనేది మన ఇష్టం. స్టూడెంట్ దాన్ని నీలం చేసి మళ్లీ పంపుతుంది, ఆ నీలం కూడా మనకి నచ్చకపోతే ఇంకో రౌండ్, తను నేర్చుకున్నది సార్‌కి ఏ రంగు ఇష్టమో అంతే. పైగా కొండపల్లి బొమ్మల్లో ఉండేవే అలాంటి గట్టి రంగులు కదా, తను ఆరెంజ్ అక్కడినుంచే తెచ్చుకుని ఉండొచ్చు, అడక్కుండా కొట్టేస్తే మంచి ఆలోచనని కొట్టేసినట్టే.

రూల్ చెప్పడం ఇంకో దారి. డబ్ల్యూసీఏజీ అని, వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ వాళ్ల యాక్సెసిబిలిటీ గైడ్‌లైన్స్ ఉన్నాయి, అంటే చూపు తక్కువ ఉన్నవాళ్లతో సహా అందరూ సైట్ వాడగలిగేలా చేసే నియమాలు, 2.2 వెర్షన్ 2023 అక్టోబర్‌లో వచ్చింది. అందులో మధ్య స్థాయి అయిన ఏఏ లెవెల్‌కి మామూలు టెక్స్ట్‌కీ బ్యాక్‌గ్రౌండ్‌కీ మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలకి 3:1 చాలు. మామూలు ఆరెంజ్ మీద తెల్ల అక్షరాలు పెడితే దాదాపు 2:1 మాత్రమే వస్తుంది. తెల్ల పేజీ మీద #999 అనే కోడ్ ఉన్న బూడిద రంగు 3:1 కూడా దాటదు, ఇంకా ముదురైన #767676 దగ్గరికి వస్తే గానీ 4.5 అందదు. నొక్కే బటన్లు కనీసం 24 పిక్సెల్స్ వెడల్పు, 24 పిక్సెల్స్ ఎత్తు ఉండాలి, లేకపోతే పక్క బటన్‌కి తగలకుండా చుట్టూ తగినంత ఖాళీ అయినా ఉండాలి. ఇవి చెప్పినప్పుడు గొడవ ఉండదు, సార్ ఇష్టం అన్న ఫీలింగ్ రాదు, స్టూడెంట్ తనే క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి కలర్ పికర్‌లో రేషియో చూసుకోవచ్చు. ఆరెంజ్ తీసెయ్యక్కర్లేదు, దాని మీద తెల్ల అక్షరాల బదులు నల్ల అక్షరాలు పెట్టినా రేషియో దాటేస్తుంది, ఆ దారి తనే కనుక్కోనివ్వండి. కానీ రూల్స్‌తో వచ్చేది ఒక హద్దు వరకే, అన్ని రూల్స్ పాటించి కూడా ధర లేని అమ్మకం సైట్ చెయ్యొచ్చు.

మూడోది, నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది అనిపించేది, మనం ఏం చేశామో అది ఉన్నది ఉన్నట్టు చెప్పడం. "ఫోన్‌లో ఓపెన్ చేశాను, ఏనుగు బొమ్మ ధర ఎంతో చూద్దామని మెనూ నొక్కాను, తెరుచుకోలేదు, కిందకి స్క్రోల్ చేశాను, ఫుటర్‌లో నంబర్ కనిపించింది, నొక్కితే ఏం కాలేదు, కాపీ చేద్దామంటే కూడా కుదర్లేదు." ఇందులో తిట్టు లేదు, సలహా కూడా లేదు, అయినా నాలుగు సమస్యలు బయటికొచ్చాయి, వాటిని ఎలా సరిచెయ్యాలో తను ఆలోచించాలి. మౌస్ పెడితే తెరుచుకునే హోవర్ మెనూ టచ్ స్క్రీన్ మీద ఎందుకు పనిచెయ్యదో తనే వెతుక్కుని తెలుసుకుంటే ఇక మర్చిపోదు.

పొగడ్త గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ముందు ఒక మెచ్చుకోలు, మధ్యలో తప్పు, చివర్లో మళ్లీ మెచ్చుకోలు, ఈ పద్ధతి చాలామంది వాడతారు. నా ఉద్దేశంలో పిల్లలు ఒక రెండుసార్లకే దాన్ని పట్టేస్తారు, సార్ "బావుంది" అనగానే "కానీ" ఎప్పుడొస్తుందా అని చూస్తుంటారు. మెచ్చుకోవడం మానెయ్యమని కాదు, పనిలో ఏది పనిచేసిందో ఆ ముక్క పట్టుకుని చెప్పాలి. "నువ్వు చాలా టాలెంటెడ్" అనే బదులు "మక్కు గురించి రాసిన పేరా చదివాక ఈ బొమ్మకి ఆ రేటు ఎందుకో అర్థమైంది, దాన్ని కింద దాచకు" అంటే అది మెచ్చుకోలూ, ఏది ఉంచాలో చెప్పడమూ రెండూ అవుతుంది. జాన్ హాటీ, హెలెన్ టింపర్లీ అనే విద్యా పరిశోధకులు 2007లో ఫీడ్‌బ్యాక్ మీద రాసిన దాంట్లో కూడా మనిషిని పొగిడే ఫీడ్‌బ్యాక్ నేర్చుకోవడానికి తక్కువ ఉపయోగం, పని గురించి, పని చేసే పద్ధతి గురించి చెప్పేది ఎక్కువ ఉపయోగం అని తేల్చారు. అంతకుముందు 1996లో క్లూగర్, డెనిసి అనే ఇద్దరు అప్పటిదాకా వచ్చిన స్టడీలన్నీ కలిపి చూస్తే మూడింట ఒక వంతుకి పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ ఇచ్చాక పని ఇంకా తగ్గింది. ఏదో ఒకటి చెప్తే చాలు, మంచే జరుగుతుంది అనుకోవడానికి లేదన్నమాట.

రాసి పంపడం

రాత వల్ల పెద్ద లాభం అది ఉండిపోతుంది, స్టూడెంట్ ఒక్కొక్కటీ చేసుకుంటూ టిక్ పెట్టుకోవచ్చు, మనకీ రెండో రివ్యూలో చూసుకోవడానికి ఉంటుంది. కాంట్రాస్ట్, బటన్ సైజు, పేజీ టైటిల్ లేకపోవడం, ఫొటోకి ఆల్ట్ టెక్స్ట్ (ఫొటోలో ఏముందో మాటల్లో చెప్పే వివరణ) లేకపోవడం లాంటివి రాతలోనే చెప్పాలి, వాటికి కూర్చుని మాట్లాడే అవసరం లేదు. నష్టం ఏంటంటే రాతలో గొంతు వినపడదు, మనం మామూలుగా రాసిన "ఇదెందుకు పెట్టావ్?" అవతల చదివేవాళ్లకి తిట్టులా వినిపిస్తుంది, రాత్రి పదకొండుకి పంపితే ఇంకా గట్టిగా వినిపిస్తుంది.

ఫిగ్మాలో కామెంట్ పిన్‌లు పెట్టడం బాగానే ఉంటుంది, సమస్య ఎక్కడ ఉందో అక్కడే మాట ఉంటుంది, "పైన కుడివైపు రెండో బాక్స్" అని వివరించే పని తప్పుతుంది. కాకపోతే పిన్‌లు మనల్ని చిన్నవాటి వైపు లాగుతాయి, ఇక్కడ 8 పిక్సెల్స్ గ్యాప్, అక్కడ 12 అని పెట్టుకుంటూ పోతాం, ధరలు లేవు అనే మాటకి పిన్ పెట్టే చోటే దొరకదు, లేనిదాని మీద పిన్ ఎలా పెడతాం. అందుకే పిన్‌లు పెట్టే ముందు మొత్తం సైట్ గురించి రెండు మూడు వాక్యాలు విడిగా రాయండి. కోడ్ దాచి పంచుకునే గిట్‌హబ్‌లో లైన్ల మీద కామెంట్ పెట్టడం కోడ్‌కి చాలా మంచిది, డిజైన్‌కి మాత్రం కాదు, ఎందుకంటే డిజైన్ సమస్య ఒక లైన్‌లో ఉండదు, పేజీ మొత్తం మీద పరుచుకుని ఉంటుంది.

ఎన్ని రాయాలి అంటే మూడు. మనకి పాతిక కనిపించినా మూడే, అందులో ఒకటి ఖచ్చితంగా పెద్దది అవ్వాలి. మిగతావి మన దగ్గర రాసి పెట్టుకుంటే ఎక్కడికీ పోవు.

స్క్రీన్ రికార్డింగ్

ఇది మన కాలేజీల్లో తక్కువ వాడతారు గానీ దూరంగా ఉన్నవాళ్లకి, అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి జూనియర్‌కి చెప్పే సీనియర్లకి, ఇంతకంటే మంచిది లేదు. సైట్‌ని ముందే చూసుకోకుండా ఫోన్‌లో స్క్రీన్ రికార్డర్ ఆన్ చేసి మొదటిసారి ఓపెన్ చేస్తూ మనసులో ఏం అనిపిస్తే అది పైకి అనుకుంటూ పోవాలి, "ఆ ఫొటో ఇంకా రావట్లేదు... వచ్చింది... ఇదేంటో చదువుదామనుకునేలోపు స్లైడర్ కదిలిపోయింది..." నాలుగైదు నిమిషాలు చాలు. గొంతు ఉంటుంది కాబట్టి తిట్టులా అనిపించదు, మనం ఎక్కడ తడబడ్డామో తను కళ్లతో చూస్తుంది, మళ్లీ మళ్లీ వేసుకుని చూడొచ్చు. ఫొటోల బరువు లాంటి సంగతి మాటల్లో చెప్తే నమ్మరు, తమ ల్యాప్‌టాప్‌లో క్షణంలో తెరుచుకుంటుంది కదా అంటారు, రికార్డింగ్‌లో మొబైల్ డేటా మీద తెల్ల స్క్రీన్ అలా నిలబడి ఉండటం చూస్తే ఇంకేం చెప్పక్కర్లేదు. గూగుల్ లెక్కలో మెయిన్ కంటెంట్ 2.5 సెకన్ల లోపు కనిపిస్తే మంచిది, ఫోన్ కెమెరా ఫొటో ఒక్కొక్కటీ నాలుగైదు ఎంబీ ఉంటే అది ఎక్కడ కుదురుతుంది. చాలా ఫోన్లకి వెయ్యి పైచిలుకు పిక్సెల్స్ వెడల్పు సరిపోతుంది, వెబ్‌పీ అనే ఇమేజ్ ఫార్మాట్‌లో సేవ్ చేస్తే బరువు ఇంకా తగ్గుతుంది.

రికార్డింగ్‌లో లోటు, తను ఎదురు మాట్లాడలేదు, అది చూశాక ఒక ఫోన్ కాల్ పెట్టుకుంటే ఆ లోటు తీరుతుంది. అరవైమంది క్లాస్‌కి ఇది అయ్యే పని కాదు, అది కూడా నిజమే.

పక్కన కూర్చోవడం

స్టూడెంట్ ఎక్కడో ఇరుక్కుపోయినప్పుడు, లేదా సైట్ చూస్తే అసలు తను ఏం అనుకుని చేసిందో మనకి అర్థం కానప్పుడు, పక్కన కూర్చోవాల్సిందే. రాతలో రెండు రోజులు పట్టేది పది నిమిషాల్లో తేలిపోతుంది. కానీ మౌస్ తన చేతిలోనే ఉండాలి. మౌస్ మన చేతికి వచ్చిందంటే మనం పేజీ లోపలికి వెళ్లి "ఇది ఇలా, అది అలా" అని మార్చేస్తాం, తను పక్కన నిలబడి "ఓకే సార్" అంటూ ఉంటుంది.

ఇంకోటి, మన క్లాస్‌రూముల్లో "ఎందుకు" అని అడగ్గానే పిల్లలు దాన్ని ప్రశ్నగా వినరు. "స్లైడర్ ఎందుకు పెట్టావమ్మా?" అంటే వెంటనే "సారీ సార్, తీసేస్తా సార్" అని వస్తుంది, కారణం ఉన్నా చెప్పరు. చిన్నప్పటినుంచి "ఎందుకు చేశావ్" అనేది తప్పు చేసినప్పుడే విన్నారు మరి. కాబట్టి "స్లైడర్ పెట్టినప్పుడు ఏం అనుకున్నావో చెప్పు, మంచి కారణం ఉంటే ఉంచుదాం" అని అడిగితే అప్పుడు అసలు మాట బయటికొస్తుంది, "వాళ్ల ఇంట్లో అన్ని రకాల బొమ్మలూ మొదటి పేజీలోనే కనపడాలి అన్నారు సార్" అని. అది చాలా మంచి కారణం. స్లైడర్‌లో మొదటి ఫొటో తప్ప మిగతావి కనపడే ముందే మనుషులు కిందకి వెళ్లిపోతుంటారు కాబట్టి ఆ కారణానికి స్లైడర్ సరిపోదు, ఇక మిగిలిన ప్రశ్న అన్ని బొమ్మలూ ఒకేసారి కనపడాలంటే ఇంకేం దారులున్నాయి అన్నది, దానికి రెండు మూడు స్కెచ్‌లు తనే గీసుకొస్తుంది.

వాడేవాళ్లని కూర్చోబెట్టడం

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే ఇదే ఎంచుకుంటాను. వేరే బ్రాంచ్ ఫ్రెండో, లైబ్రరీలో పనిచేసే ఆవిడో, హాస్టల్ వార్డెనో, ఎవరైనా సరే సైట్ చూడని ఒక మనిషిని వాళ్ల సొంత ఫోన్‌తో కూర్చోబెట్టి ఒక పని ఇవ్వాలి, "అంబారీ ఏనుగు బొమ్మ రెండు కావాలి, ఎంత అవుతుందో కనుక్కుని ఆర్డర్ ఎలా ఇస్తారో చెయ్యండి." స్టూడెంట్ పక్కన కూర్చుని నోరు మెదపకుండా చూడాలి, రాసుకోవాలి. ఇది చాలా కష్టం, "ఆ కింద ఉందండీ" అని చెప్పెయ్యాలని ఉంటుంది, ఆపుకోవాలి. ఆవిడ బూడిద రంగు టెక్స్ట్ కోసం ఫోన్ కళ్లకి దగ్గరగా తెచ్చుకోవడం, మెనూ మీద మూడుసార్లు నొక్కడం, ఇవి ఒకసారి చూసిన స్టూడెంట్‌కి మనం కాంట్రాస్ట్ గురించి లెక్చర్ ఇవ్వక్కర్లేదు.

"సైట్ ఎలా ఉంది?" అని మాత్రం అడగనివ్వకండి. మనవాళ్లు పిల్లల మొహం చూసి "చాలా బాగా చేశావమ్మా" అంటారు, అందులో ప్రేమ ఉంది గానీ సమాచారం లేదు. పని ఇవ్వాలి, చూడాలి. ఎంతమంది కావాలి అంటే యూజబిలిటీ మీద పనిచేసిన జేకబ్ నీల్సెన్ 2000లో ఐదుగురు చాలు, తర్వాత కొత్తగా తెలిసేది తగ్గిపోతుంది అని రాశాడు, మినీ ప్రాజెక్ట్‌కి ఇద్దరు ముగ్గురు దొరికినా బోలెడంత తెలుస్తుంది.

ఇది కుదరనిది ఎప్పుడంటే సైట్ సగమే ఉన్నప్పుడు, లింకులు తెగి ఉన్నప్పుడు, లోపల అంతా డమ్మీ టెక్స్ట్ ఉన్నప్పుడు. అప్పుడు వచ్చినవాళ్ల టైమ్ వృథా, స్టూడెంట్‌కి సిగ్గు మిగులుతుంది. ఇంకా, ఫాంట్లు పొందిగ్గా ఉన్నాయా, ఖాళీలు సమానంగా ఉన్నాయా లాంటివి యూజర్లు చెప్పలేరు, అవి డిజైన్ తెలిసిన మనమే చెప్పాలి.

తెలుగు టెక్స్ట్ ఉంటే మనం తప్ప చెప్పేవాళ్లు లేరు

టూల్స్ పట్టుకోలేనివి, ఇంగ్లీష్ ట్యుటోరియల్స్‌లో లేనివి ఇక్కడ ఉంటాయి. స్టూడెంట్ సైట్ అంతటికీ పాపిన్స్ ఫాంట్ పెడుతుంది, అందులో తెలుగు అక్షరాలే లేవు, దాంతో తెలుగు ముక్కలు ఏ ఫోన్‌లో ఆ ఫోన్ ఫాంట్‌తో కనిపిస్తాయి, తను చూసేది ఒకటి, యూజర్ చూసేది ఇంకోటి. నోటో సాన్స్ తెలుగు, అనెక్ తెలుగు లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీగానే ఉన్నాయి, వాటిలో సన్నం నుంచి లావు వరకు వెయిట్‌లు కూడా దొరుకుతాయి. మండలి అనే ఫాంట్ చూడ్డానికి బావుంటుంది గానీ ఒకటే వెయిట్, దానికి బోల్డ్ పెడితే బ్రౌజర్ బలవంతంగా లావు చేస్తుంది, ఒత్తులు అలికేసినట్టు అయిపోతాయి.

లైన్ హైట్, అంటే ఒక్కో లైన్‌కి ఇచ్చే ఎత్తు, ఇంకా ముఖ్యం. ఇంగ్లీష్‌కి 1.2 పెట్టి హెడ్డింగ్ చేస్తారు, అదే తెలుగుకి పెడితే పైలైన్ ఒత్తులు కిందిలైన్ గుడుల మీద పడతాయి, బాక్స్‌కి ఓవర్‌ఫ్లో హిడెన్ (బయటికి వచ్చేది కనపడకుండా దాచే సెట్టింగ్) ఉంటే "స్త్ర", "క్ష్మ" లాంటివాటి కింది భాగం తెగిపోతుంది. పేరాకి 1.6, 1.7 దాకా ఇచ్చి చూడమనండి. లెటర్ స్పేసింగ్ తెలుగుకి పెట్టొద్దు, మాట విడిపోయినట్టు ఉంటుంది. రెండు అంచులూ సమానంగా చేసే జస్టిఫై కూడా వద్దు, మన మాటలు పొడుగు, 360 పిక్సెల్స్ వెడల్పు ఫోన్‌లో మధ్యమధ్య పెద్ద పెద్ద ఖాళీలు వస్తాయి. ఇంగ్లీష్‌లో చిన్న మాట పట్టే బటన్‌లో "కొనుగోలు చేయండి" అని రాస్తే బయటికి పొంగుతుంది, "కొనండి" అంటే సరిపోతుంది, అందరికీ అర్థమవుతుంది కూడా. హెచ్‌టీఎంఎల్‌లో ఈ భాగం తెలుగు అని లాంగ్ ఆట్రిబ్యూట్ పెట్టిందో లేదో చూడండి, అది లేకపోతే చూపు లేనివాళ్లకి పేజీ చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కి ఏ గొంతుతో చదవాలో తెలీదు.

ఈ విషయాల్లో నేను ప్రశ్నలు అడగను, నేరుగా చెప్పేస్తాను. పిల్లలు వీటిని వెతుక్కుంటే సులభంగా దొరికే చోట్లు తక్కువ, ఇది వాళ్లతో కనుక్కోబెట్టాల్సిన విషయం కాదు, ఇచ్చెయ్యాల్సిన విషయం.

టూల్‌కి వదిలెయ్యడం, మనమే సరిచేసి ఇవ్వడం

క్రోమ్‌లో లైట్‌హౌస్, వెబ్ఎయిమ్ వాళ్ల వేవ్, డబ్ల్యూ3సీ వాలిడేటర్, సైట్‌లో తప్పులు వాటంతట అవే వెతికే ఈ టూల్స్ అన్నీ మన దగ్గరికి వచ్చే ముందే స్టూడెంట్ రన్ చేసుకుని రావాలి అని రూల్ పెట్టుకోండి, సగం చిన్న తప్పులు అక్కడే పోతాయి, మన టైమ్ పెద్దవాటికి మిగులుతుంది. కాకపోతే లైట్‌హౌస్‌లో యాక్సెసిబిలిటీ 100 వచ్చింది సార్ అని స్క్రీన్‌షాట్ తెచ్చి పెడితే అక్కడితో ఆగకండి, ఆ స్కోర్‌కి ఆల్ట్ టెక్స్ట్ ఉందా లేదా మాత్రమే తెలుసు, ఏనుగు ఫొటోకి "ఇమేజ్1" అని రాసినా పాస్ చేసేస్తుంది.

మనమే కోడ్ సరిచేసి పంపడం గురించి. హోస్టింగ్ దగ్గర ఆగిపోయినప్పుడు తప్పకుండా చెయ్యండి, ముఖ్యంగా ఫైల్ పేర్లలో పెద్దక్షరాలు చిన్నక్షరాలు కలిసిపోయి విండోస్‌లో పనిచేసి, సైట్‌ని ఫ్రీగా హోస్ట్ చేసే గిట్‌హబ్ పేజెస్‌లో ఫొటోలు కనపడకుండా పోయే కేసు ఉంటుంది, దాని మీద ఒక రాత్రంతా ఏడవడం వల్ల డిజైన్ ఏం రాదు. లేఅవుట్ మాత్రం ముట్టుకోవద్దు. మనం చేసిచ్చిన లేఅవుట్‌తో వైవాకి వెళ్తే ఎక్స్‌టర్నల్ అడిగిన మొదటి ప్రశ్నకే తను చిక్కుకుంటుంది.

టెంప్లేటో ఏఐ టూలో వాడి చేసిన సైట్ వచ్చినప్పుడు, చూడ్డానికి అంతా నీట్‌గా ఉంటుంది, రంగులూ ఖాళీలూ గురించి చెప్పడానికి ఏం ఉండదు. అప్పుడు లోపల ఉన్నదాని గురించే అడగాలి. ఈ బొమ్మ చెయ్యడానికి ఎన్ని రోజులు పడుతుందో ఎక్కడ రాశావు, పగిలితే ఏం చేస్తారు, ఈ టెస్టిమోనియల్ ఎవరు ఇచ్చారు. టెంప్లేట్‌తో పాటు వచ్చిన విదేశీ పేర్ల రివ్యూలు అలాగే ఉంటే అవి తీసెయ్యమని గట్టిగానే చెప్పాలి, లేని మనుషుల మెచ్చుకోళ్లు పెట్టడం ఆ కుటుంబానికే చెడ్డపేరు.

క్లాస్ ముందు చెప్పడం, మార్కులతో కలిపి చెప్పడం

అరవైమంది ముందు ప్రొజెక్టర్ మీద ఒకరి సైట్ పెట్టి తప్పులు చెప్పడం నేను వద్దంటాను. వెనక బెంచీలో ఒక నవ్వు వినిపిస్తే చాలు, ఆ తర్వాత ఎవరూ కొత్తగా ఏదీ ప్రయత్నించరు, అందరూ ఒకే టెంప్లేట్ పట్టుకొస్తారు. నలుగురు నలుగురు గ్రూపులుగా చేస్తే మాత్రం చాలా బావుంటుంది, ముందు ముగ్గురూ తాము చూసింది చెప్తారు, చేసినవాళ్లు చివర్లో మాట్లాడతారు.

మార్కుల షీట్, అంటే రూబ్రిక్, ముందే ఇస్తే మంచిది, దేనికి ఎన్ని మార్కులో తెలిస్తే పిల్లలు నిశ్చింతగా ఉంటారు. కానీ మార్కునీ కామెంట్లనీ ఒకే రోజు ఇవ్వకండి. రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ఇజ్రాయెల్ స్కూల్ పిల్లలతో చేసిన స్టడీలో కామెంట్లు మాత్రమే అందుకున్న పిల్లలు మెరుగయ్యారు, మార్కూ కామెంటూ రెండూ అందుకున్నవాళ్లు మార్కు మాత్రమే అందుకున్నవాళ్లలాగే ఉండిపోయారు. ఇంటర్నల్స్ అప్‌లోడ్ చేసే డేట్ మన చేతిలో ఉండదు నిజమే, అయినా కామెంట్లు ఒక వారం ముందు ఇచ్చి, మార్చుకోవడానికి టైమ్ ఇచ్చి, మార్చిన సైట్‌కి మార్కు వేసే వీలు చాలా చోట్ల ఉంటుంది.

మరి మీకు ఏది?

అరవైమంది ఉన్న ల్యాబ్ అయితే టూల్ రిపోర్ట్ వాళ్లనే తెమ్మనండి, నలుగురి గ్రూపుల్లో ఒకరి సైట్ ఒకరు ఫోన్‌లో వాడి చూసుకోమనండి, మీరు ఒక్కొక్కరికి మూడు వాక్యాలు రాయండి, నిజంగా ఇరుక్కున్న ఏడెనిమిది మంది పక్కన మాత్రం కూర్చోండి. దూరంగా ఉన్న ఒక్క జూనియర్ అయితే రికార్డింగ్, ఆ తర్వాత కాల్. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ గైడ్ అయితే యూజర్‌ని కూర్చోబెట్టడం ఒక్కసారైనా చేయించండి, రెండో రివ్యూకి ముందు, చివర్లో కాదు. బాగా భయపడే స్టూడెంట్ అయితే రాత వద్దు, మాటే. బాగా ధైర్యంగా, ఏం చెప్పినా వాదించే స్టూడెంట్ అయితే యూజర్‌ని చూపించండి, లైబ్రరీ ఆవిడతో ఎవరూ వాదించరు.

మార్చి మళ్లీ లింక్ పంపినప్పుడు ముందు మీరు చెప్పిన ఆ మూడే చూడండి, అవి ఎలా సరిచేసిందో చూసి దాని గురించే మాట్లాడండి, మీ దగ్గర రాసిపెట్టుకున్న మిగతావాటిలోంచి కొత్త మూడు ఆ తర్వాతే తియ్యండి. చెప్పినదాంట్లో ఒకటి మార్చకుండా "ఇది ఇలాగే ఉంచాను సార్, ఆ బొమ్మలు చేసే ఇంటి పెద్దాయన వీడియో కాల్‌లో బొమ్మ చూపించి రేటు మాట్లాడతారట, అందుకే ధర బదులు వాట్సాప్ బటన్ పెట్టాను" అని కారణంతో వస్తే దాన్ని అలాగే ఉండనివ్వండి, ఆ బటన్ ఫోన్‌లో పనిచేస్తుందో లేదో మాత్రం నొక్కి చూడండి.